జాతర చేసే పని

పుష్య అమావాస్య దగ్గరపడుతోందంటే ఆదిలాబాద్ జిల్లా పేజీలు నాగోబా జాతర వార్తలతో నిండిపోతాయి. కలెక్టర్ ఏర్పాట్లు సమీక్షించారు, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేసింది, తాగునీళ్లు, దీపాలు, మరుగుదొడ్లు, బందోబస్తు సిద్ధం, ఫలానా మంత్రులు వస్తున్నారు. ఇవన్నీ కావలసినవే. దారి బాగోకపోతే ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ పడే ఇబ్బంది చిన్నది కాదు. కానీ ఈ వార్తలన్నీ జాతరకు మనం ఏం చేస్తున్నామో చెప్తాయి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌కు వచ్చేవాళ్లకు ఆ జాతర ఏం చేసిపెడుతోందన్న ప్రశ్న మాత్రం వాటిలో కనిపించదు. సంస్కృతిని పరిరక్షిస్తామనే మాట పార్టీ ఏదైనా ప్రతి ప్రభుత్వం నోటా వినిపిస్తుంది. ఒక వస్తువు ఏ పనికి వస్తుందో తెలియకుండా దాన్ని భద్రంగా ఉంచుతామనడం విచిత్రమైన హామీ. నా వాదన ఇది: సంస్కృతి అంటే ఒక సమాజం తన అవసరాలు తానే తీర్చుకోవడానికి తరతరాలుగా కూర్చుకున్న ఏర్పాటు. ఆ అవసరమేమిటి, దాన్ని తీరుస్తున్న మనుషులెవరు, వాళ్లకు తిండి ఎక్కడినుంచి వస్తోంది అన్నవి పట్టించుకోకుండా వేషాన్నీ పాటనూ మాత్రమే కాపాడితే చివరికి చేతిలో మిగిలేది ఒక ప్రదర్శన. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ నిలవదో రెండూ చూపించగల చోటు కేస్లాపూర్.

నాగోబా గోండుల్లో మెస్రం వంశీయుల దేవుడు. ఈ వంశం ఒక ఊళ్లో లేదు. పాత ఆదిలాబాద్ జిల్లా అంతటా, పక్కన మహారాష్ట్రలోనూ విడివిడి గూడేల్లో ఉంది. కొండల మధ్య చెదిరి బతికే బంధువర్గం ఒకటిగా నిలవాలంటే ఏదో ఒకటి వాళ్లను ఏటా ఒక్కచోట చేర్చాలి. జాతరకు చాలా రోజుల ముందే ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి కబురు చెప్పివస్తారు. తర్వాత వంశం తరఫున కొందరు చెప్పులు లేకుండా నడిచి గోదావరిలో హస్తినమడుగు దాకా వెళ్లి గంగాజలం తెస్తారు. దారిలో ఏ గూడెంలో ఆగాలో, ఎవరింట బస చేయాలో ముందే ఖరారై ఉంటుంది. తిరిగి వచ్చాక కేస్లాపూర్ మర్రిచెట్ల కింద అందరూ విడిది చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండలోని కుమ్మరుల చేతి మీదుగానే రావాలి. ఆ కుమ్మరులు గోండులు కారు. కోనేటి నీళ్లు తెచ్చి మట్టితో పుట్టలు కట్టే పని వంశంలోని మగవాళ్లది కాదు, ఆడపడుచులదీ అల్లుళ్లదీ. ఈ పంపకాన్ని కాస్త నిదానంగా చూడాలి. పెళ్లయి వేరే వంశంలోకి వెళ్లిపోయిన కూతురు లేకుండా, బయటి వంశం నుంచి వచ్చిన అల్లుడు లేకుండా, వేరే కులం కుమ్మరి లేకుండా వంశదేవుడి పూజ జరగదు. ఎవరితో ఏ సంబంధం తెగకూడదో ఆ సంబంధానికి పూజలో ఒక పని ఒప్పజెప్పారు. ఊళ్ల మధ్య, కులాల మధ్య ఉండే ఇచ్చిపుచ్చుకోళ్లు ఏటా ఒకసారి కొత్తగా ముడిపడుతున్నాయి.

మహాపూజ తర్వాత భేటింగ్ జరుగుతుంది. ఆ ఏడాది మెస్రం ఇళ్లకు కోడళ్లుగా వచ్చినవాళ్లు తెల్లచీరలు కట్టుకుని, ముసుగు వేసుకుని, వంశ పెద్దల ముందుకూ దేవుడి ముందుకూ వస్తారు. అప్పటిదాకా ఆ కోడలు నాగోబాను చూడకూడదు, ఆ తర్వాత ఆమె మెస్రం ఇంటి మనిషి. పట్నం నుంచి వచ్చి చూసేవాళ్లకు ఇది ఫొటోకు బాగుండే దృశ్యం. గోండు సమాజానికి ఇది ఒక నమోదు. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల వాళ్లనే విభాగాలున్నాయి. ఒకే విభాగంలోని వాళ్లు వరసకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కనక వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. కాగితం, రిజిస్ట్రారు ఆఫీసు లేని కాలంలో ఎవరు ఎవరి ఇంటి కోడలు, పుట్టిన బిడ్డ ఏ దేవుళ్ల లెక్కలోకి వస్తాడు, రేపు ఆ బిడ్డకు ఎక్కడ సంబంధం చూడొచ్చు, భర్త చనిపోతే ఆమెకు ఎవరు దిక్కు అన్న వాటికి వందలమంది సాక్షులు కావాలి. ఆ సాక్షులను పిలిచి కూర్చోబెట్టే పని జాతర చేస్తుంది. ఊళ్లో పెళ్లికి వచ్చేవాళ్లు యాభైమందైతే ఇక్కడ వంశమంతా సాక్షి. కోడలు ఒంటరిది కాదని వంశం మొత్తం ఎదుట ఒప్పుకున్న మాటకు ఆమె కష్టకాలంలో ఉండే బరువు వేరు.

ఈ సమాజానికి తన చరిత్రను గుర్తుంచుకోవడం మరో అవసరం. దాన్ని పర్ధాన్లు తీర్చారు. కింగ్రి వాయిస్తూ గోండు వంశాల పుట్టుక, దేవుళ్ల కథలు, వరసలు, వలసలు పాడి చెప్పేవాళ్లు వీళ్లు. ఒక్కో గోండు కుటుంబానికి వాళ్ల పర్ధాన్ కుటుంబం ఉంటుంది. చావులో, పెళ్లిలో, దేవుడి కొలుపులో పర్ధాన్ ఉండాలి. ప్రతిగా గోండు ఇంటి నుంచి ధాన్యం, బట్ట, ఒక్కోసారి పశువు అందేది. అంటే ఆ పాటకు ఒక జీతం ఉంది, ఆ జీతం గోండు రైతు పొలంలోంచి వచ్చేది. ఇక్కడే మన సాంస్కృతిక శాఖలు చూడని సంగతి ఉంది. పర్ధాన్ పాట వెనకబడటానికి సినిమా పాటలో సెల్‌ఫోనో కారణమని తేలిగ్గా అనేస్తాం. పాట కింద ఉన్న భూమి ముందు పోయింది. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి గూడేలను ఖాళీ చేయించినప్పుడు, షావుకారి అప్పుల కింద పట్టా భూములు చేతులు మారినప్పుడు గోండు రైతు ఒక్కడే చితికిపోలేదు, అతని ఇంటి గింజల మీద బతికే పర్ధాన్ కూడా చితికిపోయాడు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపడానికి 1970లో తెచ్చిన ఒకటో నిబంధన, జనం నోట 1/70, ఈ లెక్కన పెద్ద సాంస్కృతిక చట్టం కూడా. దాన్ని సరిగ్గా అమలు చేసి ఉంటే కింగ్రి పాటకు జరిగే మేలు ఎన్ని కళోత్సవాలు పెట్టినా జరగదు.

జాతర చేసే పనిని చాలా ముందే గ్రహించిన మనిషి ఒకరున్నారు. 1940లో జోడేఘాట్ పోరులో గోండు నాయకుడు కుమ్రం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల అసంతృప్తికి కారణాలు వెతకమని ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన అంతకుముందు లండన్‌లో బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ సెమినార్లలో కూర్చున్నవాడు. ప్రతి ఆచారం వెనకా మనిషి శరీరానిదో సమాజానిదో ఒక అవసరం ఉంటుందని, దాన్ని తీర్చే ఏర్పాటుగా చూస్తేనే ఆచారం అర్థమవుతుందని మలినోవ్‌స్కీ సిద్ధాంతం. ఆయన మరణానంతరం 1944లో వచ్చిన పుస్తకంలో ఇది వివరంగా ఉంది. హైమన్‌డార్ఫ్ ఆ సిద్ధాంతాన్ని ఎంతవరకు నమ్మాడన్నది పండితుల చర్చ, దాన్ని పక్కన పెడదాం. ఆదిలాబాద్‌లో ఆయన చేసిన పని మాత్రం దానికి చక్కని ఉదాహరణ. గోండులు హైదరాబాదు కచేరీకి రారు. తాలూకా కచేరీకి వచ్చినా ఉర్దూ కాగితం ముందు నోరు తెరవరు. కొత్త కచేరీ కట్టి రమ్మంటే వస్తారన్న నమ్మకమూ లేదు. కానీ పుష్యమాసంలో ఎవరూ పిలవకుండానే వాళ్లంతా కేస్లాపూర్‌లో ఉంటారు. అందుకని కచేరీనే జాతర దగ్గరికి తీసుకెళ్లారు. 1940ల్లో మొదలైన నాగోబా దర్బారు అలా పుట్టింది. అధికారులు వచ్చి కూర్చోవాలి, గోండులు తమ మాటలో తమ గోడు చెప్పుకోవాలి. ఆ రోజుల్లోనే వేల కుటుంబాలకు భూమి పట్టాలు దక్కాయంటే ఆ గోడు చెవిన పడిందనే అర్థం. జనం తమ కోసం కట్టుకున్న కూడలిని పరిపాలన తన అవసరానికి అరువు తెచ్చుకుంది, అరువుకు బదులుగా ఏదో ఒకటి చెల్లించింది.

దీనికి పక్కనే గోండుల దండారి పండుగ సంగతి చూడండి. దీపావళి ముందు రోజుల్లో గూడెం గూడెం నుంచి దండారి బృందాలు బయల్దేరతాయి. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, చేతిలో కర్రతో గుస్సాడీ దీక్షలో ఉన్నవాళ్లు ముందు నడుస్తారు. ఒక ఊరి దండారి మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. ఆ ఊరివాళ్లు కాళ్లు కడిగి, భోజనం పెట్టి, రాత్రంతా ఆటపాటల్లో కలుస్తారు. మరుసటి ఏడు వీళ్లు వాళ్ల ఊరికి వెళ్లాలి. ఈ రాకపోకల్లోనే పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు, పెద్దలు సంబంధాలు మాట్లాడుకుంటారు, పాత తగాదాలు ఒకే పంక్తి భోజనంలో సగం చల్లారతాయి. మార్లవాయికి చెందిన కనకరాజు ఈ గుస్సాడీ నాట్యాన్ని దేశమంతా చూసేలా చేశారు. 1982లో ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకెళ్లారు, ఎందరో యువకులకు నేర్పారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ గౌరవం గోండు యువకుల్లో తెచ్చిన ఆత్మవిశ్వాసం తక్కువేమీ కాదు. అయితే దాని నీడలో ఇంకొకటి పెరిగింది. ఇప్పుడు ఏ నెలలోనైనా, ఏ మంత్రి వచ్చినా, హెలిప్యాడ్ దగ్గర నలుగురు గుస్సాడీలను నిలబెడతారు. దీక్ష లేదు, ఎదురు ఊరు లేదు, తిరిగి వెళ్లాల్సిన అతిథి మర్యాద లేదు. అయిదు నిమిషాలు ఆడి, శాలువా కప్పించుకుని, ఆటో ఎక్కి వచ్చేస్తారు. ఆడినవాళ్లను తప్పుపట్టలేం, ఆ కూలి కూడా వాళ్లకు అవసరమే. కానీ ఆట అదే అయినా, ఊళ్లను కలిపే పని అందులో లేదు. నాట్యాన్ని కాపాడామనుకుంటూ మనం టోపీని కాపాడుతున్నాం.

ఈ వాదనకు మొదట వచ్చే అభ్యంతరం సరైనదే. సంస్కృతిని ఇలా పనికొచ్చే లెక్కలోకి దించితే అందులోని భక్తి, అందం, ఆనందం ఏమవుతాయి? దీక్షలో ఉన్న గుస్సాడీ తన మీదికి దేవుడు వచ్చాడని ఆడుతున్నాడు, ఊళ్ల మధ్య పెళ్లిసంబంధాల కోసం కాదు. గోదావరికి నడిచిన మెస్రం పెద్ద పాదాలు పగిలేది వంశ రికార్డుల నిర్వహణ కోసమని చెప్తే ఆయన నవ్వుతాడు. ఒప్పుకోవాలి. అయితే దీన్నుంచి తేలేది అవసరం లేదని కాదు. ఆ అవసరం తీరేది సరిగ్గా అవసరం కోసం చేయనందువల్లే అని. బంధువులు ఏటా కలవాలని ఒక తీర్మానం చేసుకుంటే మొదటి ఏడాది అందరూ వస్తారు, రెండో ఏడాది సగం మంది, మూడో ఏడాది వాట్సాప్ గ్రూపు మిగులుతుంది. దేవుడు పిలిచాడంటే పంట కోత ఆపుకుని వస్తారు. నమ్మకమే ఆ ఏర్పాటుకు బలం. అందుకే ప్రయోజనాన్ని చూసి దాన్నే ఇంకో చవకైన దారిలో అందిద్దామనుకునే ప్రణాళికా నిపుణులకు ఈ వాదన ఆయుధం కాకూడదు. జాతర చేసే పనులను విడదీసి ఒకటి రెవెన్యూ శాఖకు, ఒకటి స్త్రీ శిశు సంక్షేమ శాఖకు, ఒకటి పర్యాటక శాఖకు పంచిపెడితే పనులు జరగవు, జాతరా మిగలదు. 2022 డిసెంబరులో కేస్లాపూర్‌లో ప్రారంభమైన కొత్త రాతి గుడిని మెస్రం కుటుంబాలు తమ చందాలతోనే కట్టుకున్నాయి. పత్తి, జొన్న, కంది పండించే రైతులు ఏళ్ల తరబడి కూడబెట్టి ఇచ్చిన డబ్బది. ప్రయోజనం లెక్కేసుకునేవాళ్లు అలా ఇవ్వరు.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది, ఎందుకంటే అది జరిగిన చరిత్ర. గోండుల గోడు వినడానికి దర్బారు ఉంది కదా, మరి ఇంద్రవెల్లి ఎందుకు జరిగింది? 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంటే ప్రభుత్వం అనుమతి రద్దు చేసింది. సభ సంగతి తెలిసి వచ్చినవాళ్లూ, సంతకు వచ్చినవాళ్లూ పోగయ్యారు, పోలీసులు కాల్చారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది 13 మంది, హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. వాళ్లు అడిగింది అన్యాక్రాంతమైన భూములు, సాగు చేసుకుంటున్న అటవీ భూములకు పట్టాలు, షావుకార్ల దోపిడీ నుంచి రక్షణ. ఏటా దర్బారులో అడుగుతూ వచ్చినవే. ఆ చనిపోయినవాళ్ల గుర్తుగా ఇంద్రవెల్లిలో నిలిచిన స్తూపానికీ కేస్లాపూర్ గుడికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. కాబట్టి సంస్కృతి సమాజం అవసరాలన్నీ తీర్చేస్తుందని ఎవరైనా అంటే ఇంద్రవెల్లి వైపు చూపించాలి. జాతర మనుషులను కూడగట్టగలదు, వాళ్ల నోటికి ధైర్యం ఇవ్వగలదు. భూమి పట్టా మీద సంతకం పెట్టలేదు. ఆ సంతకం పెట్టాల్సినవాడు ఎదుటి కుర్చీలో కూర్చుని వినకపోతే దర్బారు ఉన్నా లేనట్టే. ఇంకా చెప్పాలంటే ఉండి వినకపోవడం ఎక్కువ హాని. అడగడానికి చోటు లేనివాడికి రేపు చోటు దొరుకుతుందన్న ఆశ ఉంటుంది, చోటు దొరికీ జవాబు దొరకనివాడికి అదీ ఉండదు. ఈ అభ్యంతరం నా వాదనను కూలదోయదు, దానికి హద్దు గీస్తుంది. సంస్కృతి తీర్చగల అవసరాలున్నాయి, రాజ్యం మాత్రమే తీర్చగలిగినవీ ఉన్నాయి. రెండోవాటిని తప్పించుకోవడానికి మొదటివాటిని పొగడటం మన రాజకీయాలకు బాగా అలవాటైన విద్య.

మూడోది, ఎవరి అవసరం అన్న ప్రశ్న. ప్రతి ఆచారానికీ ఒక ప్రయోజనం ఉందంటే ప్రతి అన్యాయానికీ ఒక సమర్థన దొరికినట్టే. మలినోవ్‌స్కీ సిద్ధాంతంలో పెద్ద లోపం ఇదే. సమాజం అంటాడు గానీ ఆ సమాజంలో ఎవరి ఖర్చు మీద ఎవరికి లాభమో అడగడు. మన ఊళ్లలో జోగిని ఆచారానికి ప్రయోజనం లేదా? ఊరి కొలుపుల్లో, శవయాత్రల్లో ఆడటానికి ఊరికి ఒక మనిషి కావాలి. ఆ అవసరం తీరింది. తీర్చింది దళితుల ఇంటి ఆడపిల్ల, తన జీవితమంతా ఇచ్చి. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేవదాసీ అర్పణ నిషేధ చట్టం తెచ్చినప్పుడు సంస్కృతికి నష్టం జరిగిందని ఎవరైనా అన్నారా అంటే, అన్నవాళ్లు లేకపోలేదు. వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఒకటే. ఒక ఏర్పాటు సమాజం అవసరం తీరుస్తోందని నిరూపించడానికి అది తీర్చే పనిని చూపిస్తే చాలదు, ఆ పనికి మూల్యం చెల్లించేవాళ్లు దాన్నుంచి తప్పుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్లేనా అని కూడా చూపించాలి. భేటింగ్‌లో నిలబడ్డ కోడలికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఆమె ముసుగు గురించి, ఆమె మాటకు పెద్దల ముందు ఉండే విలువ గురించి గోండు స్త్రీలే మాట్లాడాలి, మాట్లాడితే వినాలి. బయటినుంచి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు గానీ, గోండుల ఆచారం కనక అందులో ప్రశ్నలే ఉండవనడం వాళ్లను మ్యూజియంలో బొమ్మలుగా చూడటమే. గూడేల తగాదాలు తీర్చే రాయి సెంటర్లలో, సార్మేడీలనే పెద్దల మధ్య, ఆడవాళ్ల గొంతు ఎంత వినపడుతుందన్నదీ అలాంటి ప్రశ్నే. గ్రామసభకు ఆచారాల్ని, సంప్రదాయ తగాదా పరిష్కార పద్ధతుల్ని కాపాడుకునే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించే 1996 పెసా చట్టం ఇచ్చింది. గ్రామసభ అంటే ఊళ్లో వోటున్న ఆడామగా అందరూ.

ఇంకొందరు కాస్త అసహనంగా, ఇప్పుడు బడి ఉంది, ఆసుపత్రి ఉంది, కోర్టు ఉంది, ఆధార్ ఉంది, ఇక ఈ పాత ఏర్పాట్లతో పనేమిటంటారు. బడినే తీసుకుందాం. 1943లో మార్లవాయిలో గోండి వాచకాలతో ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండు యువకులే పంతుళ్లయ్యారు. పిల్లవాడికి తెలిసిన కథ, తెలిసిన మాట, తెలిసిన మనిషి బళ్లో ఉన్నాయి కనక అక్షరం లోపలికి వెళ్లింది. తర్వాత ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, బడి భాష మారింది, గోండి పక్కకు పోయింది. అరవై ఏళ్లు గడిచాక 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండి, కోయ, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన కార్యక్రమం చేపట్టింది. అంటే మొదట దొరికిన జవాబును పారేసి, మళ్లీ అదే ప్రశ్న వేసుకుని, మళ్లీ అదే జవాబు దగ్గరికి వచ్చాం. ఈ మధ్యలో పోయిన తరాల చదువును ఎవరి ఖాతాలో రాయాలి? బడి వచ్చింది కనక గోండి అక్కర్లేదనడం ఎంత తప్పో, గోండి లేని బడి చూపించింది. నార్నూర్ మండలం గుంజాలలో పర్ధాన్ల ఇళ్లలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. పాడుతూ చరిత్ర దాచినవాళ్లు రాస్తూ కూడా దాచారని తెలిసి చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం మన అజ్ఞానానిది. ఆ లిపి ఫోన్లలోకి వచ్చినంత మాత్రాన బతకదు. దానితో జరగాల్సిన పని ఏదో ఉండాలి, ఒక పాఠం, ఒక అర్జీ, ఒక పెళ్లిపత్రిక.

సంస్కృతి అవసరాన్ని తీరుస్తుందంటే పాతదాన్నే పట్టుకుని ఉండాలని కాదు. నాగోబా దర్బారే ఎనభై ఏళ్ల నాటి కొత్త కల్పన, ఇవాళ అది జాతరలో భాగమైపోయింది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు ఈ శతాబ్ది మొదట్లో మొదలుపెట్టిన పాత పంటల జాతర ఇంకో ఉదాహరణ. సంక్రాంతి నుంచి ఎడ్లబళ్ల మీద కొర్రలు, సామలు, పచ్చజొన్న, పప్పుధాన్యాల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు, పాటలు పాడతారు, విత్తనాలు మార్చుకుంటారు, వ్యవసాయం మీద ఊరివాళ్లతో చర్చిస్తారు. వరి, చెరకు, పత్తి ముంచుకొచ్చిన చోట వానాధార నేలకు కావలసిన విత్తనం మాయమవుతోంది. విత్తనాన్ని అంగడి కాక ఇల్లాలు దాచే అలవాటును నిలబెట్టాలి. ఆ అవసరానికి వాళ్లు జాతర రూపాన్ని ఎంచుకున్నారు. స్వచ్ఛంద సంస్థ ప్రోద్బలంతో పుట్టింది కనక అసలైన సంస్కృతి కాదని కొందరు పెదవి విరుస్తారు. ఎవరు మొదలుపెట్టారన్నది పుట్టుక సంగతి. అది చేసే పని జరుగుతోందా, చేసేవాళ్లు అది తమదనుకుంటున్నారా అన్నవే దానికి సరైన పరీక్షలు. ఈ పరీక్షకు నిలవని వెయ్యేళ్ల ఆచారం కంటే నిలిచే పాతికేళ్ల జాతర మేలు.

ఇక ప్రభుత్వం ఏం చేయాలన్నది చూస్తే, అడిగేది పెద్ద మొత్తాలు కాదు. ఆశ్రమ పాఠశాలల సెలవుల పట్టిక హైదరాబాదులో తయారైతే దండారి రోజుల్లో గోండు పిల్లలు హాస్టళ్లలో ఉండిపోతారు. ఊరికి ఊరు అతిథిగా వెళ్లే ఆ వారంలో ఇళ్లకు పంపకుండా, తర్వాత అదే పిల్లలకు స్టేజీ మీద గుస్సాడీ నేర్పించడానికి శిక్షకులను పెట్టడంలో అర్థం లేదు. సెలవులు అటు జరిపితే శిక్షకుడి అవసరమే తగ్గుతుంది. పర్ధాన్ కళాకారుడికి ముసలితనంలో పింఛనిచ్చి ఊరుకోకుండా, వయసులో ఉండగానే అదే బళ్లో గోండి కథలూ వంశచరిత్రా చెప్పే పంతులుగా నెలజీతానికి పెట్టుకోవచ్చు. ఒకప్పుడు గోండు రైతు గింజలు ఆ పాటను పోషించాయి, ఇప్పుడు ఆ పని బడి జీతం చేస్తుంది. పాటకు మళ్లీ వినేవాళ్లు, కూడు రెండూ దొరుకుతాయి.

దర్బారు సంగతి మాత్రం పైసా ఖర్చు లేనిది. ఇప్పుడు వేదిక మీద కుర్చీలు, మైకు ముందు ప్రసంగాలు, కింద అర్జీలు పట్టుకున్న జనం, చివర్లో అర్జీలన్నీ ఒక సంచిలోకి. ఈ వరస తిరగబడాలి. నిరుడు వచ్చిన అర్జీలెన్ని, తీరినవెన్ని, తీరనివి ఏ శాఖలో ఏ అధికారి బల్ల మీద ఏ కారణంతో ఆగాయి అన్న జాబితా ముందు చదవాలి. అది గోండిలో చదవాలి, అర్జీ పెట్టిన ఊరి పేరుతో సహా. అది పూర్తయ్యాకే ముఖ్య అతిథి లేచి మాట్లాడాలి. దీనికి చట్టం అక్కర్లేదు, కేబినెట్ తీర్మానం అక్కర్లేదు. ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి ఒక ఉత్తర్వు ఇస్తే వచ్చే పుష్యమాసం నుంచే మొదలుపెట్టవచ్చు.